చెక్కతో ఆవిరి ఇంజను నమూనా: ఏ చెక్క, ఏ స్కేలు, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ తాతగారు కాచిగూడ నుంచి మన్మాడ్ వైపు ఆవిరి బండ్లు నడిపిన డ్రైవరు. ఆయన జ్ఞాపకార్థం డబ్ల్యూపీ తరగతి ఆవిరి ఇంజనును చెక్కతో, సరైన కొలతలకు, చక్రాలూ రాడ్లూ కదిలేలా చేయాలని మీ కోరిక. ఉప్పల్‌లోని ఫ్లాటులో మీకున్నది బాల్కనీలో ఒక బల్ల, కొన్ని చేతి పనిముట్లు, ఒక డ్రిల్లు. ఏ చెక్క వాడాలి, ఏ స్కేలు ఎంచుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, లేత్ (చెక్కను తిప్పుతూ గుండ్రంగా చెక్కే యంత్రం) లేకుండా పని జరుగుతుందా అని అడిగారు.

జరుగుతుంది. పూర్తయిన నమూనా దాదాపు ఒక మీటరు పొడవు వచ్చే స్కేలు ఎంచుకోండి. పాత ఇళ్ల తలుపులు, కిటికీల నుంచి వచ్చిన చేవ టేకు తీసుకోండి. చక్రాలు, ఫ్రేము, రాడ్లు ముందు చేయండి. అవి వేలితో తోస్తే ఎక్కడా పట్టేయకుండా తిరిగేదాకా బాయిలర్ జోలికి పోకండి. మొదటిసారి చేసేవారిలో చాలామంది దీనికి తలకిందులుగా వెళతారు. బాయిలర్, పొగగొట్టం, డ్రైవరు నిలబడే క్యాబ్ కంటికి కనబడతాయి, త్వరగా తయారవుతాయి, ఉత్సాహాన్నిస్తాయి. కానీ బాయిలర్‌లో అర మిల్లీమీటరు తేడాను గరుకు కాగితం సరిచేస్తుంది. రాడ్డు రంధ్రంలో అదే అర మిల్లీమీటరు వస్తే ఇంజను కదలదు.

నేను బాలానగర్, సనత్‌నగర్ ప్రాంతాల్లోని ఫౌండ్రీలకు చెక్క ప్యాటర్న్‌లు చేసిన వడ్రంగిని. పోతపోయవలసిన ఇనుప భాగానికి ముందుగా చెక్కలో ఖచ్చితమైన నమూనా కావాలి. ఆ నమూనా ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ ఒకే కొలతలో నిలబడాలి. ఇక్కడ రాసేదంతా ఆ పనిలో నేర్చుకున్నదీ, ఆ తరువాత ఇంజను నమూనాలు చేస్తూ సరిచూసుకున్నదీ.

అన్నిటికన్నా ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మీ తాతగారు నడిపినది డబ్ల్యూపీ కాకపోవచ్చు. భారతీయ రైల్వే ఇంజన్ల పేర్లలో మొదటి అక్షరం గేజ్‌ను, అంటే రెండు పట్టాల మధ్య దూరాన్ని, సూచిస్తుంది: డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజ్, వై అంటే మీటర్ గేజ్, జెడ్ అంటే న్యారో గేజ్. రెండవ అక్షరంలో పీ ప్రయాణికుల బండికి, జీ గూడ్సు బండికి. నిజాం కాలంలో 1874లో తెరిచిన సికింద్రాబాద్–వాడి మార్గం బ్రాడ్ గేజ్. గోదావరి లోయ మార్గం, అంటే హైదరాబాద్ నుంచి మన్మాడ్ వెళ్లేది, మీటర్ గేజ్‌లో వేసినది, ఆవిరి ఇంజన్ల కాలమంతా అలాగే ఉంది. కాబట్టి కాచిగూడ నుంచి మన్మాడ్ వైపు నడిచిన ప్రయాణికుల బండికి వైపీ, గూడ్సుకు వైజీ ఉండే అవకాశమే ఎక్కువ. ఇంట్లో పాత ఫొటో ఉంటే ఇంజను ముఖం చూడండి. డబ్ల్యూపీ ముక్కు ముందుకు పొడుచుకొచ్చి తూటా మొనలా ఉంటుంది, చాలావాటి మీద నక్షత్రం వేసి ఉంటుంది. వైపీకి అటువంటి మొన లేదు. బాయిలర్ ముందు కొననుండే పొగపెట్టె తలుపు గుండ్రంగా, చదునుగా కనిపిస్తుంది. తాతగారు తరువాత సికింద్రాబాద్‌కు బదిలీ అయి బ్రాడ్ గేజ్ మీద పనిచేసి ఉంటే డబ్ల్యూపీ కూడా నిజమే కావచ్చు. ఇంట్లో పెద్దవారిని అడిగి తెలుసుకోండి. ఒక మనిషి జ్ఞాపకంగా చేసే నమూనా ఆయన చేతిలో నడిచిన ఇంజనే కావాలని నా గట్టి అభిప్రాయం.

ఏదైనా సరే పని పద్ధతి మారదు, ఎందుకంటే రెండింటిదీ 4-6-2 చక్రాల అమరికే: ముందు నాలుగు చిన్న చక్రాల బోగీ, మధ్యలో ఆరు పెద్ద చక్రాలు, వెనుక రెండు. డబ్ల్యూపీ టెండర్‌తో, అంటే వెనుక బొగ్గూ నీళ్లూ మోసే పెట్టెతో, కలిపి సుమారు 24 మీటర్ల పొడవు. పెద్ద చక్రం వ్యాసం 1705 మిల్లీమీటర్లు, పట్టాల మధ్య దూరం 1676. వైపీ సుమారు 19 మీటర్లు. చక్రం 1372, పట్టాల దూరం 1000. డబ్ల్యూపీని 1:24లో, అంటే అసలులో ఇరవై నాలుగో వంతుగా, చేస్తే చక్రం 71 మిల్లీమీటర్లు, గేజ్ దాదాపు 70 వస్తాయి. వైపీని 1:20లో చేస్తే చక్రం 68.6, గేజ్ సరిగ్గా 50. రెండు సందర్భాల్లోనూ మొత్తం పొడవు మీటరుకు కొంచెం అటూ ఇటూ. ఇంతకన్నా చిన్నగా, 1:32లో, చెక్కతో కదిలే రాడ్లు చేయడం చేయి తిరిగినవారికి కూడా కష్టం. రాడ్డు వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లకు దిగిపోతుంది, అందులో పిన్నుకు రంధ్రం చేస్తే రెండు వైపులా మిగిలే చెక్క నిలవదు.

కొలతల బొమ్మ దొరక్కపోతే ఫొటో నుంచి గీసుకోవచ్చు. ఇంజనుకు ఎదురుగా కాకుండా పక్క నుంచి, నేరుగా, వీలైనంత దూరంగా నిలబడి జూమ్‌తో తీసిన ఫొటో కావాలి. దగ్గర నుంచి తీస్తే చివరలు కుదించుకుపోతాయి. మనకు తెలిసిన చక్రం వ్యాసాన్ని ఆధారంగా పెట్టుకుని మిగతా కొలతలన్నీ లెక్క కట్టాలి. అయితే వాడకంలో చక్రం చుట్టూ ఉండే ఇనుప పట్టా అరిగిపోతుంది, తిరిగి లేత్ పట్టినప్పుడు ఇంకా తగ్గుతుంది, కాబట్టి పాత ఇంజను చక్రం పుస్తకంలోని అంకెకన్నా కొన్ని సెంటీమీటర్లు తక్కువ ఉండవచ్చు. అందువల్ల మొత్తం పొడవు వంటి రెండో కొలతతో ఒకసారి సరిచూసుకోండి. ఢిల్లీ వెళ్లే పని పడితే చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలోనూ, హర్యానాలోని రేవాడి ఆవిరి ఇంజన్ల షెడ్డులోనూ టేపు, నోటుపుస్తకం పట్టుకుని సగం రోజు గడపండి. బాయిలర్ పైభాగం, ఫ్రేము లోపలి వైపు, క్యాబ్ లోపల ఫొటోల్లో ఎవరూ చూపించరు.

ఇక చెక్క విషయం. చెక్క నార వెంబడి, అంటే పొడవులో, దాదాపు మారదు. నారకు అడ్డంగా తేమ పట్టినప్పుడు ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. ఆ అడ్డం కదలిక కూడా రెండు రకాలు: చెట్టు వలయాల వెంట కలిగే మార్పు, దవ్వ (చెట్టు నడిబొడ్డు) నుంచి బెరడు వైపు కలిగే మార్పుకు సుమారు రెట్టింపు ఉంటుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల పొడి గాలికీ, ఆగస్టు ముసురుకూ ఉన్న అంతరం ఈ కదలికను బాగా బయటపెడుతుంది. కూకట్‌పల్లి నుంచి ఒక యువకుడు తన నమూనాను నా దగ్గరకు తెచ్చాడు. కొత్తగా కొట్టిన వేప దుంగను గుండ్రంగా చెక్కి బాయిలర్ చేశాడు. వేసవి రాగానే అది దవ్వ నుంచి అంచుదాకా నిలువునా చీలింది. దవ్వతో సహా ఉన్న గుండ్రటి మొద్దు ఆరేటప్పుడు చుట్టుకొలత వ్యాసం కన్నా వేగంగా తగ్గాలని చూస్తుంది, ఎక్కడో ఒకచోట తెగుతుంది. ఎంత నైపుణ్యం ఉన్నా దాన్ని ఆపలేం. ముక్కలుగా చేసి అతకడమే మార్గం.

పాత తలుపుల టేకు అందుకే మంచిది. దశాబ్దాలుగా ఇదే ఊరి గాలికి అలవాటుపడిన చెక్క అది. ఇళ్లు కూల్చిన సామాను అమ్మే దుకాణాల్లో, జుమ్మెరాత్ బజార్‌లో గురువారం నాడు, చిన్న ముక్కలు కూడా దొరుకుతాయి. మేకులు మిగిలి ఉన్నాయేమో అయస్కాంతంతో వెతికాకే రంపం పెట్టండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక చిత్రిక పట్టిన రోజే అతకండి. ఎపాక్సీ జిగురు వాడేటట్లయితే ముందుగా థిన్నర్‌తో తుడవండి. రాడ్లకు ఇరుగుడు వంటి గట్టి, సన్న నార చెక్క కావాలి. పాత కుర్చీ కోళ్లు, మంచం కోళ్ల ముక్కలు చాలు. గుండ్రంగా తిప్పవలసిన పొగగొట్టం, డోము (బాయిలర్ మీది గుబ్బ), ముక్కు వంటివాటికి ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రకు సాటి లేదు. అంచు చెదరకుండా నున్నగా వస్తుంది. నిర్మల్, కొండపల్లి బొమ్మల పొనికి చెక్క తేలిక, ఉలికి వెన్నలా లొంగుతుంది, కానీ పిన్ను పట్టుకునే బలం దానికి లేదు. బయటికి కనిపించని లోపలి దిమ్మలకు మాత్రమే వాడండి. ఎర్రచందనం రంగు చూసి ఆశపడవద్దు. దాని క్రయవిక్రయాల మీద చట్టపరమైన ఆంక్షలున్నాయి.

చక్రాలు. ఒకే పలక నుంచి గుండ్రంగా కోసిన చక్రం ఒక ఏడాదిలో కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది, ఎందుకంటే అది నారకు అడ్డంగా మాత్రమే మారుతుంది. మన ఎడ్లబండి చక్రం చేసిన వడ్రంగులకు ఇది తెలుసు కనుకనే అంచును పూటీలుగా, అంటే వంపు ముక్కలుగా, నార అంచు వెంట సాగేలా పేర్చారు. ప్యాటర్న్ పనిలోనూ మేం చేసేది అదే. ఈ కొలతలో మీకు సులువైన పద్ధతి మూడు పొరల చక్రం. నడుమ నాలుగు మిల్లీమీటర్ల మంచి మెరైన్ ప్లైవుడ్ బిళ్ల. ఇందులోనే ఫ్రెట్ రంపంతో ఆకుల మధ్య ఖాళీలు కోయాలి. బయటి ముఖానికి ఆరు టేకు పూటీలతో అతికిన వలయం. లోపలి వైపు కొంచెం పెద్ద వ్యాసంతో రెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిళ్ల, ఇదే పట్టా మీద నుంచి జారకుండా ఆపే అంచు. నిజమైన స్కేలు ప్రకారం ఆ అంచు ఎత్తు మిల్లీమీటరున్నర లోపే రావాలి, కానీ చెక్కలో రెండు ఉంచండి. ఆకులు ఎన్ని, రాడ్ల బరువుకు ఎదురుబరువుగా చక్రంలో ఉండే నెలవంక ఏ చక్రానికి ఎంత పెద్దది అన్నవి మీరు ఎంచుకున్న ఇంజను ఫొటోలో లెక్కపెట్టుకోండి. పిస్టన్ బలాన్ని చక్రానికి తెచ్చే కనెక్టింగ్ రాడ్డు తగులుకునే నడిమి చక్రానికి ఆ నెలవంక అన్నిటికన్నా పెద్దగా ఉంటుంది.

లేత్ లేకపోయినా ఆరు చక్రాలూ ఒకే వ్యాసంలో రావాలి. ఆరింటినీ ఒకే పొడవాటి బోల్టుకు బిగించి, డ్రిల్లును బల్లకు కదలకుండా కట్టి, బోల్టును డ్రిల్లు దవడల్లో పెట్టండి. బోల్టు రెండవ కొనను ఒక చెక్క దిమ్మలోని రంధ్రంలో ఆనించండి, లేకపోతే ఊగుతుంది. తక్కువ వేగంతో తిప్పుతూ, చదునైన పలకకు అంటించిన గరుకు కాగితాన్ని ఆనించి సమం చేయండి. ఆ తరువాతే లోపలి అంచు బిళ్లలు అతకండి. కళ్లద్దాలు పెట్టుకోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. టేకు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఫ్రేము, రాడ్లు. ఈ ఒక్క మెలకువ పాటిస్తే మిగతా పనంతా నిలబడుతుంది. ఫ్రేము రెండు పక్కపలకలు, రెండు కప్లింగ్ రాడ్లు (ఒక్కో పక్క మూడు పెద్ద చక్రాలను కలిపేవి), మొత్తం నాలుగు ముక్కలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి బిగించి, మూడు ఇరుసుల రంధ్రాలను ఒకేసారి మూడు మిల్లీమీటర్ల బిట్‌తో నిలువుగా దించండి. తరువాత విడదీసి, ఫ్రేము పలకల్లోని రంధ్రాలను మాత్రమే ఇరుసు లావుకు, అంటే ఆరు మిల్లీమీటర్లకు పెంచండి. ఇలా చేస్తే ఇరుసుల మధ్య దూరమూ రాడ్డు రంధ్రాల మధ్య దూరమూ స్కేలు మీద ఎంత ఉన్నా సరే, ఒకదానికొకటి తప్పకుండా సరిపోతాయి. విడివిడిగా కొలిచి వేసిన రంధ్రాలు ఎంత శ్రద్ధ తీసుకున్నా కలవవు. ఫ్రేముకు టేకు బదులు ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడినా తప్పు లేదు. రాణిగంజ్‌లో సన్నటి ఇత్తడి గొట్టం ముక్కలుగా దొరుకుతుంది. ఇరుసు రంధ్రాలను ఆ గొట్టం లావుకు పెంచి దాన్ని పొదిగితే చెక్క అరగదు. రాడ్డు నడిమి రంధ్రం పిన్నుకు బిగువుగా ఉండాలి, రెండు కొనల రంధ్రాలు 3.2 మిల్లీమీటర్లకు కాస్త వదులు చేయాలి.

ఇక కోణం సంగతి. ఆవిరి ఇంజనులో ఒక పక్క క్రాంకు, అంటే చక్రం మీద రాడ్డు తగులుకునే పిన్ను, పైన ఉంటే రెండవ పక్కది 90 డిగ్రీల తేడాతో ముందుకో వెనక్కో ఉంటుంది. రెండు సిలిండర్లూ ఒకేసారి చివరి బిందువుకు చేరితే బండి కదలలేదు కనుక ఈ ఏర్పాటు. మీ నమూనాలోనూ ఈ కోణం ఉండాలి. దీనికి చిన్న చెక్క చట్రం చేసుకోండి: ఇరుసును పట్టుకునే రెండు గాళ్లు, కుడి చక్రం పిన్నును నిలువుగా ఆపే ఒక మేకు, ఎడమ చక్రం పిన్నును ముందుకు ఆపే మరొక మేకు. నెమ్మదిగా గట్టిపడే అరాల్డైట్‌తో చక్రాలను ఇరుసుకు అతికి, ఆ చట్రంలోనే రాత్రంతా వదిలేయండి. ఒక వైపు చక్రాలు, ఇరుసులు ఫ్రేములో కూర్చున్నాకే రెండవ వైపు చక్రం అతకగలరు కనుక, ఆ సమయంలో ఫ్రేమును కూడా పట్టేంత వెడల్పుగా చట్రం ఉండాలి. ఖచ్చితంగా 90 రావడం కన్నా మూడు ఇరుసులకూ ఒకే కోణం రావడం ముఖ్యం. మూడూ 88 ఉన్నా చక్రాలు హాయిగా తిరుగుతాయి. రెండు 90, ఒకటి 88 అయితే ప్రతి చుట్టులోనూ పట్టేస్తాయి. అందుకే మూడింటికీ అదే చట్రం వాడాలి, మధ్యలో మేకులు కదపకూడదు.

క్రాంకు పిన్ను ఎంత దూరంలో ఉండాలో పిస్టన్ ప్రయాణం నిర్ణయిస్తుంది. డబ్ల్యూపీలో అది 28 అంగుళాలు, అంటే 711 మిల్లీమీటర్లు, 1:24లో 29.6. అందులో సగం, 14.8 మిల్లీమీటర్లు, చక్రం కేంద్రం నుంచి పిన్నుకు దూరం. వైపీలో 24 అంగుళాలు. 1:20లో ఆ దూరం 15.2. క్రాస్‌హెడ్ (పిస్టన్ కడ్డీ కొననుండే దిమ్మ) జారే బార్లను ఈ ప్రయాణానికి క్రాస్‌హెడ్ పొడవు కలిపి, ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువగా ఉంచండి.

సిలిండర్‌లోకి ఆవిరిని వదిలే వాల్వు కదలికలు, అంటే 1844లో బెల్జియంకు చెందిన ఎజిద్ వాల్‌షార్ట్స్ రూపొందించిన ఆ పద్ధతి, ఈ ఇంజన్ల అందంలో పెద్ద భాగం. క్రాంకు పిన్ను కొనకు ఉండే చిన్న తిరుగు క్రాంకు నుంచి ఒక కదలిక, క్రాస్‌హెడ్ నుంచి మరొక కదలిక వచ్చి, రెండూ కలిసి వాల్వును నడుపుతాయి. ఈ సన్న కడ్డీలను చెక్కతో చేయవద్దు. మిల్లీమీటరు మందం ఇత్తడి పట్టీని కోసి, ఆకురాయితో సరిచేసి వాడండి. మొదటి నమూనాలో తిరుగు క్రాంకు, దానికి తగిలించిన ఎక్సెంట్రిక్ రాడ్డు, ఆ రాడ్డు ఊపే లింకు కదిలితే చాలు. మిగతావి స్థిరంగా ఉంచినా చూసేవారికి లోటు కనబడదు. చిలకలగూడలో ఒక విశ్రాంత ఫైర్‌మన్‌గారికి నా నమూనా చూపించినప్పుడు ఆయన బాయిలర్ వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా వంగి చక్రాన్ని వేలితో తోసి, రెండు వైపులా రాడ్లు ఎలా నడుస్తున్నాయో చాలాసేపు చూశారు. ఆ ఇంజన్లతో బతికినవారి చూపు అక్కడే ఆగుతుంది.

బాయిలర్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఆరేడు సెంటీమీటర్లకొకటి చొప్పున ప్లైవుడ్ బిళ్లలు నిలబెట్టి, వాటి మీద పన్నెండు టేకు పట్టీలు నిలువు నారతో అతకండి. ప్రతి పట్టీ అంచు 15 డిగ్రీలు వాలుగా ఉండాలి. ఆరాక చిత్రికతో మూలలు తీసి గుండ్రం చేయండి. లోపల బోలుగా ఉంటుంది కనుక బరువు తక్కువ, చీలిక రాదు. సందులు మిగిలితే కొండపల్లి కళాకారులు చేసే మక్కు, అంటే రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన ముద్ద, బజారు పుట్టీ కన్నా చెక్క రంగుకు బాగా కలుస్తుంది. నిజమైన ఇంజనులో బాయిలర్ వేడికి పొడవులో సాగుతుంది కనుక పొగపెట్టె దగ్గర బిగించి, ఫైర్‌బాక్సు వైపు జరిగే వీలుతో ఉంచుతారు. చెక్కలో కదలిక వెడల్పులో ఉంటుంది కాబట్టి మీ జాగ్రత్త నడకపలకలు, క్యాబ్ పైకప్పు, టెండర్ అడుగు దగ్గర కావాలి. వెడల్పైన ఏ పలకనైనా నడుమ ఒక గీతలో మాత్రమే జిగురు పెట్టి, అంచుల్లో పొడవాటి రంధ్రంలోంచి మరమేకు వేయండి.

జిగురు పనికి ముసురు రోజులు వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మా పనికి అనువైన కాలం. కొన్న చెక్కను ముక్కలుగా కోసి, బాల్కనీలో ఎండలో కాకుండా ఇంటి లోపల, గాలి ఆడేలా పేర్చి కొన్ని వారాలు వదిలేయండి. నమూనాను చివరికి ఏసీ గదిలో పెట్టేటట్లయితే చెక్క కూడా ఆ గదిలోనే ఆరాలి.

రంగు వేయాలా, చెక్క కనబడాలా అని మీరు చివర్లో అడిగారు. నల్ల రంగు వేసేటట్లయితే ఇంత టేకు అవసరం లేదు, ప్లైవుడ్‌తో చేసుకోవచ్చు, అదీ గౌరవమైన పనే. నా ఇష్టం మాత్రం చెక్కను చెక్కలా ఉంచడం: టేకు బాయిలర్, ముదురు ఇరుగుడు రాడ్లు, లేత అంకుడు డోము, ఇత్తడి చేతికడ్డీలు. టేకు నారలోని గుంటలు ఈ స్కేలులో పెద్దవిగా కనిపిస్తాయి, కాబట్టి శాండింగ్ సీలర్ రెండు పూతలు వేసి, ఒక్కో పూత ఆరాక సన్న గరుకు కాగితంతో రుద్ది, పైన లక్క పాలిష్ పలుచగా పట్టించండి. రాడ్లు, పిన్నుల దగ్గర పాలిష్ చేరితే అంటుకుపోతాయి. అక్కడ కొంచెం మైనం రుద్దితే చాలు. నెంబరు ప్లేటును ఇత్తడి రేకు మీద చెక్కించండి. తాతగారు నడిపిన ఇంజను నెంబరు ఆయన పాత కాగితాల్లోనో ఫొటో వెనుకో దొరికితే అదే వేయండి. దొరకకపోతే ఆ తరగతి పేరు మాత్రం రాసి, నెంబరు చోటు ఖాళీగా ఉంచండి. ఫొటో దొరికాక ఇంజను ముందు భాగం కనబడేలా ఇక్కడ పెడితే, ఏ తరగతిదో చూసి చెబుతాను, దాన్ని బట్టి ఫ్రేము పలక గీత కూడా గీసి పెడతాను.